ఒపెరా పాటని వయొలిన్–పియానో జంటకి మలచడం: స్కోర్ తెరిచిన దగ్గర్నుంచి రిహార్సల్ దాకా

వోకల్ స్కోర్ (పైన గాత్రం, కింద ఆర్కెస్ట్రాకి బదులు పియానో ఉండే స్వరలిపి) డౌన్‌లోడ్ చేసి, గాత్రం లైను వయొలిన్‌కి, కింద ఉన్న రెండు లైన్లు పియానోకి ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతుంటారు. సరిపోదు. వాయించి చూస్తే స్వరాలన్నీ ఉంటాయి, పాట మాత్రం ఉండదు.

గాయని నోట్లో మాట ఉంటుంది. ఒక స్వరాన్ని పక్క స్వరం నుంచి విడదీసేది ఆ మాటే. ఊపిరి ఎక్కడ తీయాలో చెప్పేది అదే. రెండో చరణం అచ్చంగా మొదటి దానిలాగే ఉన్నా విసుగు పుట్టనివ్వనిదీ అదే. మాట తీసేశాక ఈ మూడు పనులూ ఎవరో ఒకరు చేయాలి. కింద చెప్పేదంతా ఆ పని గురించే. వయొలిన్‌లో ఐదో గ్రేడు స్థాయి, పియానోలోనూ దాదాపు అంతే స్థాయి ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాట వోకల్ స్కోర్, ఫుల్ స్కోర్ (ఆర్కెస్ట్రాలోని వాద్యాలన్నీ విడివిడిగా రాసింది) రెండూ. పాత ఒపెరాలవి ఐఎంఎస్ఎల్‌పీ అనే స్వరలిపి గ్రంథాలయం సైట్‌లో దొరుకుతాయి.
- పాట మాటలు, ఒక్కో మాటకీ తెలుగులో అర్థం. వాక్యం మొత్తానికి అర్థం తెలిస్తే చాలదు, ఏ స్వరం మీద ఏ మాట పడిందో తెలియాలి.
- ఇద్దరు వేర్వేరు గాయకుల రికార్డింగులు.
- నొటేషన్ సాఫ్ట్‌వేర్. మ్యూజ్‌స్కోర్ ఉచితం, ఈ పనికి అది చాలు.
- వాయించబోయే పియానోకి ఎన్ని మీటలున్నాయో, వయొలిన్ వాయించేవాళ్లకి ఏ పొజిషన్ (వేలిబోర్డు మీద చేయి నిలిచే చోటు) దాకా ధైర్యంగా చేయి వెళ్తుందో.

ఫుల్ స్కోర్ ఎందుకంటే, వోకల్ స్కోర్‌లోని పియానో భాగం గాయకులకి రిహార్సల్ చేయించడానికి రాసింది. ఏ వాద్యం ఏం వాయిస్తోందో అందులో సరిగ్గా తెలియదు. ఫుల్ స్కోర్ చదివేటప్పుడు నాలుగు చోట్ల కాలు జారుతుంది. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికంటే ఒక పూర్తి స్వరం కిందికి పలుకుతుంది. ఎఫ్ హార్న్ ఐదో స్వరం (ఫిఫ్త్) కిందికి, డబుల్ బేస్ ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి పలుకుతాయి. ట్రెబుల్ క్లెఫ్‌లో రాసిన టెనర్ గాత్రం కూడా ఒక స్థాయి కిందిదే.

హక్కుల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మన దేశంలో స్వరకర్త పోయిన తర్వాతి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. బిజే (మరణం 1875), డోనిజెట్టి (మరణం 1848), పుచ్చీని (మరణం 1924) సంగీతానికి ఆ గడువు ఎప్పుడో తీరింది. కానీ ఈమధ్య ఎవరో చేసిన అరేంజ్‌మెంట్‌కి వేరే హక్కు ఉంటుంది. దాన్ని చూసి ఎక్కించకండి, మూలం నుంచే మొదలుపెట్టండి.

## 2. పాట ఎంపిక

మొదటిసారి చేసేవాళ్లు ఒకే గాత్రం, మూడు నాలుగు నిమిషాల నిడివి, వెనక కోరస్ లేని పాట తీసుకోవాలి. పుచ్చీని ‘జాన్నీ స్కిక్కి’ (1918)లోని ‘ఓ మియో బబ్బీనో కారో’ ఇందుకు బాగా పనికొస్తుంది. రెండు గాత్రాలు కావాలంటే ఓఫెన్‌బాక్ ‘హాఫ్‌మన్ కథలు’ (1881)లోని బార్కరోల్ ఉంది, అయితే దానికి జంట తీగల మీద (రెండు తీగలు ఒకేసారి పలికించడం మీద) పట్టు ఉండాలి.

మాటల వేగం మీదే నడిచే హాస్యపు పాటలు వద్దు. మాట పోతే వాటిలో మిగిలేది ఒకే స్వరం మీద కొట్టుకోవడమే.

## 3. శ్రుతి నిర్ణయించడం

వయొలిన్‌లో అన్నిటికంటే కింది స్వరం జి3 (పక్కనున్న అంకె ఏ స్థాయో చెబుతుంది, పియానో మధ్యలోని సి ని సి4 అంటారు). సొప్రానో, మెజ్జో పాటలు చాలావరకు ఉన్న స్థాయిలోనే వయొలిన్ మీద కూర్చుంటాయి. చూడాల్సింది ఖాళీ తీగల సంగతి.

‘ఓ మియో బబ్బీనో’ ఎ ఫ్లాట్ మేజర్‌లో ఉంది. ఆ స్కేలులో డి, ఎ, ఇ మూడూ ఫ్లాట్లే. అంటే నాలుగు ఖాళీ తీగల్లో జి ఒక్కటే స్కేలుకి కలుస్తుంది, మిగతా మూడూ గుంజ్‌మని తోడు పలకవు. వాద్యం గొంతు కట్టుకున్నట్టు ఉంటుంది. అర స్వరం దించి జి మేజర్‌లో పెడితే నాలుగు తీగలూ కలుస్తాయి. పైకి జరిపి ఎ మేజర్‌లో పెడితే మెరుపు ఎక్కువ, కానీ జి తీగ మాత్రం బయటే ఉంటుంది. నేర్చుకునేవాళ్లకి జి మేజరే మంచిది.

ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. ఈ పాటలో గాత్రానికి శిఖరం ఎ ఫ్లాట్5. గాయని అక్కడికి వెళ్లేసరికి వినేవాళ్ల ఊపిరి కూడా ఆగుతుంది. జి మేజర్‌లోకి మార్చాక అది జి5 అవుతుంది. అది వయొలిన్‌లో ఇ తీగ మీద రెండో వేలు, మొదటి పొజిషన్. గాయనికి కొండెక్కినంత కష్టమైన స్వరం ఇక్కడ గుమ్మం దాటినంత తేలిక. కష్టం లేనిచోట శిఖరం వినబడదు. అందుకే ఆ స్వరాన్ని ఎ తీగ మీద మూడో పొజిషన్‌లో నాలుగో వేలితో పలికించండి. నాదం చిక్కబడుతుంది, చేయి కాస్త శ్రమ పడుతుంది, ఆ శ్రమే చెవికి అందుతుంది.

టెనర్ పాటలకి ఇంకో చిక్కు. నిజమైన స్థాయిలో వాయిస్తే జి3 కిందికి పోయే స్వరాలు వయొలిన్‌లో లేవు. ఒక స్థాయి పైకి ఎత్తేస్తే హీరో పాట కాస్తా హీరోయిన్ పాట అయి కూర్చుంటుంది. మధ్యే మార్గం: పలికే స్థాయి నుంచి ఒక మూడో స్వరమో నాలుగో స్వరమో మాత్రమే పైకి జరపడం. డోనిజెట్టి ‘లెలిసిర్ దమోరే’ (1832)లోని ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’ బి ఫ్లాట్ మైనర్‌లో ఉంది. దాన్ని మేజర్ మూడో స్వరం పైకి జరిపి డి మైనర్‌లో పెట్టండి. పాట మొదట్లో జి, డి తీగల మీదే నడుస్తుంది, మగ గొంతు బరువు ఉంటుంది. డి, ఎ ఖాళీ తీగలు తోడుంటాయి. మొదట్లో బసూన్ వాయించే రాగం పియానో ఎడమచేతికి చక్కగా ఒదుగుతుంది.

కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్న పిల్లలున్న ఇళ్లకి ఒక మాట. స-ప-స-ప శ్రుతిలో ఉన్న వయొలిన్‌ని ఈ పాట కోసం అప్పటికప్పుడు జి-డి-ఎ-ఇ కి బిగించకండి. కచేరీ శ్రుతి డి అయితే ఒక్కో తీగనీ నాలుగో స్వరమో ఐదో స్వరమో పైకి లాగాల్సి వస్తుంది. తీగ తెగొచ్చు, బ్రిడ్జి వేలిబోర్డు వైపు వాలిపోవచ్చు. వేరే వయొలిన్ పెట్టుకోవడమే మేలు. చెన్నై మౌంట్ రోడ్డు షాపులో మామూలు స్టూడెంట్ వయొలిన్ చాలు.

## 4. కత్తెర పట్టడం

పాట మొత్తాన్ని ఒక కాగితం మీద బార్ల (తాళం ఆవృత్తాల) లెక్కన గీసుకోండి: పరిచయం, రెసిటేటివ్, మొదటి చరణం, కోరస్, రెండో చరణం, ముగింపు. తర్వాత తీసేయడం మొదలుపెట్టండి.

రెసిటేటివ్ అంటే తాళానికి కట్టుబడకుండా, మాట నడకని బట్టి పాడే భాగం. మన పద్యనాటకంలో వచనానికీ పద్యానికీ మధ్య రాగం తీస్తూ నడిపే చోటు లాంటిది. మాట లేకుండా దానికి పనిలేదు. మొత్తం తీసేయండి. వదల్లేకపోతే చివరి నాలుగు బార్లు ఉంచి, పియానో ఒక్కో కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) పట్టి ఆగితే వయొలిన్ ఒంటరిగా పలికేలా రాయండి.

ఆర్కెస్ట్రా పరిచయం ఎంత పొడుగున్నా రెండు నుంచి నాలుగు బార్లకి కుదించండి. చరణాలు రెండూ ఒకటే అయితే రెండు దార్లున్నాయి: ఒకటి కొట్టేయడం, లేదా రెండోదాన్ని స్థాయి మార్చి, తీగ మార్చి, రాగాన్ని పియానోకి అప్పగించి వేరుగా వినిపించడం. ఉన్నదున్నట్టు రెండుసార్లు వాయించడం మాత్రం కుదరదు.

## 5. వయొలిన్ లైను రాయడం

ఎక్కువ సమయం పట్టేది, పట్టాల్సిందీ ఇక్కడే.

మొదటి అడుగు: గీతలు విప్పడం. పాత వోకల్ స్కోర్లలో పొట్టి స్వరాలని పై గీతతో (బీమ్) తాళం ప్రకారం కాక అక్షరాల ప్రకారం కలుపుతారు. అక్షరం మారితే స్వరం విడిగా నిలబడుతుంది, ఒకే అక్షరం మీద నాలుగు స్వరాలుంటే వాటి మీద స్లర్ (కలిపి పలకమనే వంపు గీత) ఉంటుంది. ఆ స్లర్ గాత్రానికి సంబంధించింది, కమానుకి సంబంధించింది కాదు. ముందు స్వరాలన్నిటినీ తాళం ప్రకారం మళ్లీ కలిపి రాసుకుని, స్లర్లన్నీ తీసేయండి. అక్షరాలు మాత్రం పెన్సిల్‌తో కింద ఉంచుకోండి.

రెండో అడుగు: ఊపిరి గుర్తులు. రికార్డింగులు రెండూ విని, గాయకులు ఊపిరి తీసిన ప్రతిచోటా కామా పెట్టండి. ఇద్దరూ ఒకేచోట తీస్తే అది తప్పనిసరి కామా. అక్కడ కమాను తీగ మీద నుంచి లేవాలి, లేదా కనీసం ఆగాలి. వయొలిన్‌కి ఊపిరితో పనిలేదు కదా అని ఏకధాటిగా లాగడమే ఈ అరేంజ్‌మెంట్లలో అన్నిటికంటే పెద్ద తప్పు. వినేవాళ్లకి కారణం తెలియదు గానీ ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది.

మూడో అడుగు: కమాను లెక్క. క్వార్టర్ నోట్ నిమిషానికి 50 వేగంలో, 4/4 తాళంలో ఒక బార్ 4.8 సెకన్లు. రెండు బార్లు 9.6 సెకన్లు. మెల్లగా వాయించేచోట అంతసేపు ఒకే కమానులో సాగుతుంది. గట్టిగా వాయించేచోట సాగదు, సగంలోనే నాదం పలచబడుతుంది. గట్టి వాక్యాలని రెండు మూడు కమాన్లుగా విడదీయండి. ఎక్కడ విడదీయాలో అక్షరాలే చెబుతాయి. మాట మధ్యలో ఎప్పుడూ వద్దు, మాటకీ మాటకీ మధ్య ఎప్పుడైనా పర్లేదు.

నాలుగో అడుగు: హల్లులు. ఒకే స్వరం మీద మూడు నాలుగు అక్షరాలు వరసగా వచ్చే చోట్లు ఒపెరాలో చాలా ఉంటాయి. స్లర్ వేస్తే ఒకే పొడుగాటి స్వరం అవుతుంది. విడివిడి కమాన్లు వేస్తే మేకులు కొట్టినట్టుంటుంది. ఇక్కడ కావాల్సింది పోర్టాటో: ఒకే దిశలో వెళ్తున్న కమానుని ప్రతి అక్షరం దగ్గరా కాస్త వదిలి మళ్లీ నొక్కడం. స్వరాల మీద స్లర్, దాని కింద ఒక్కో స్వరానికీ చిన్న అడ్డగీత పెట్టండి. ‘ప’, ‘త’, ‘క’ లాంటి గట్టి హల్లుకి కొంచెం ఎక్కువ నొక్కు, ‘మ’, ‘ల’ లాంటి మెత్తటిదానికి దాదాపు ఏమీ వద్దు. అక్షరాల్ని పెన్సిల్‌తో ఉంచుకోమన్నది ఇందుకే.

ఐదో అడుగు: జారు, కంపన (వైబ్రాటో). గాయకులు స్వరం నుంచి స్వరానికి జారతారు కాబట్టి వయొలిన్‌తోనూ జారాలనిపిస్తుంది. ఒక వాక్యానికి ఒక్కటి, అంతకు మించొద్దు. జారు పాత స్వరం చివర్లో, పాత కమానులోనే మొదలై కొత్త స్వరానికి సరిగ్గా తాళం మీద చేరాలి. కర్ణాటక సంగీతం అలవాటున్న చేతికి జారు తొందరగా వస్తుంది, ఆలస్యంగా ఆగుతుంది. దారిలో ఉన్న స్వరాలన్నిటినీ తాకి వెళ్తుంది. ఇక్కడ ఆ మధ్య స్వరాలు వినబడకూడదు. కంపనకీ గమకానికీ ఉన్న తేడా కూడా అలాంటిదే: కంపన స్వరాన్ని దాటి పక్క స్వరం దాకా పోకూడదు.

ఆరో అడుగు: జంట తీగలు. చివర్న కలపాల్సినవి ఇవి, మొదట కాదు. రెండో చరణంలో ఆరో స్వరాల జంటలు, శిఖరం దగ్గర ఒకటి రెండు బార్లు స్థాయి జంటలు చాలు. వాయించగలిగినంత మాత్రాన రాయొద్దు. ఒంటి తీగ మీద పాడుతున్న వయొలిన్ ఉన్నట్టుండి జంట తీగలకి మారితే పాట కాస్తా విద్యాప్రదర్శన అవుతుంది.

## 6. పియానో భాగం

పియానోకి రాయడమంటే అరవై మంది చేసే పనిలో పది వేళ్లకి ఏది తప్పనిసరో తేల్చడం. ఈ వరసలో వెళ్లండి: ముందు బేస్ లైను, తర్వాత కార్డ్ స్వభావం చెప్పే స్వరాలు, ఆ తర్వాత గాత్రానికి బదులు చెప్పే చిన్న రాగాలు. చేతులింకా ఖాళీగా ఉంటేనే మిగతావి.

పుచ్చీని పాటల్లో ఆర్కెస్ట్రా వయొలిన్లు గాత్రంతో పాటే రాగం వాయిస్తుంటాయి. వోకల్ స్కోర్ దాన్ని పియానో కుడిచేతి పై స్వరంగా పెడుతుంది. మీరు అదే ఉంచితే వయొలిన్, పియానో ఒకే రాగం ఒకే స్థాయిలో వాయిస్తాయి. వయొలిన్ కాస్త అటూ ఇటూ పలికినా వెంటనే బయటపడిపోతుంది, వాయించేవాళ్లకి స్వేచ్ఛ పోతుంది. పై స్వరాన్ని నిర్దాక్షిణ్యంగా తీసేయండి. శిఖరం దగ్గర మాత్రం ఒక స్థాయి కిందన రెండు బార్లు ఉంచొచ్చు.

వాద్యాన్ని బట్టి మార్పులు:

- తీగవాద్యాల ట్రెమోలో (ఒకే స్వరాన్ని కమానుతో వేగంగా వణికించడం): ఒకే కార్డ్‌ని టకటకా కొట్టకండి, కింది స్వరాన్నీ పై స్వరాలనీ మార్చి మార్చి పలికించండి. మణికట్టు అలిసిపోకుండా ఉంటుంది, మోత తగ్గుతుంది.
- హార్న్ పట్టి ఉంచే పొడుగు స్వరం: పియానోలో నాదం చచ్చిపోతుంది. బార్ మధ్యలో మెత్తగా మళ్లీ కొట్టండి.
- పిజికాటో (తీగని వేలితో మీటడం): పొట్టి స్వరాలు, పెడల్ అసలే వద్దు.
- హార్ప్: వేళ్లకి అందేలా స్వరాలు తగ్గించి విరిచి రాయండి, కార్డ్ మారిన ప్రతిసారీ పెడల్ మార్చండి.
- కోరస్: నాలుగు గొంతులూ వద్దు, పైదీ కిందిదీ చాలు.

బురద నాదం గురించి ఒక నియమం: సి3 కిందన మూడో స్వరాల జంటలు రాయొద్దు, ఐదోవి లేదా స్థాయి జంటలే. ఇంకో నియమం: వయొలిన్ జి తీగ మీద ఉన్నప్పుడు పియానో కుడిచేయి ఆ స్థాయిలోంచి లేచి పైకి వెళ్లాలి, లేదా ఊరుకోవాలి. జి తీగ వినబడ్డం లేదని వయొలిన్ వాయించేవాళ్లని గట్టిగా నొక్కమంటుంటారు. తప్పు చాలాసార్లు కమానుది కాదు, పియానో రాసినవాళ్లది.

చెన్నై అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనబడేది 61 మీటల కీబోర్డ్. అది సి2 దగ్గర మొదలవుతుంది. అంతకంటే కింద రాసిన బేస్ జంటలు దాని మీద ఉండవు. ప్రాక్టీసు దాని మీదే అయితే కింది స్వరాన్ని బ్రాకెట్‌లో పెట్టి రాయండి. హాల్లో 88 మీటలున్నప్పుడు కలుపుకుంటారు.

## 7. దగ్గర్నుంచి ఒక పాట: హబనేరా

బిజే ‘కార్మెన్’ (1875)లోని హబనేరా. 2/4 తాళం, డి మైనర్‌లో మొదలై డి మేజర్‌కి మారుతుంది. డి, ఎ ఖాళీ తీగలు రెండిట్లోనూ కలుస్తాయి కాబట్టి శ్రుతి మార్చే పనే లేదు. గాత్రం డి4 నుంచి ఎఫ్ షార్ప్5 దాకా.

ఎడమచేతిది డి-ఎ-ఎఫ్-ఎ అన్న నాలుగు స్వరాల నడక. మొదటిది చుక్కతో పొడుగు, రెండోది పొట్టి, మిగతా రెండూ సమానం. పాట ప్రాణమంతా ఆ పొట్టి స్వరంలో ఉంది. పెడల్ వేస్తే అది మునిగిపోతుంది. పెడల్ మీద నుంచి కాలు తీసేయండి. గాత్రం మూడు స్వరాల గుంపులుగా నడిచేచోట ఎడమచేయి దాన్ని అనుసరించకూడదు. తిశ్రం పైన, చతురశ్రం కిందన, దేని దారి దానిదే.

రాగం డి5 నుంచి అర స్వరం చొప్పున దిగుతుంది. మామూలు వేళ్లతో ఒకే వేలిని రెండు స్వరాలకి జరిపితే మెట్లు కరిగి జారుడుబల్ల అవుతుంది. ఎ తీగ మీద డి, సి షార్ప్, సి, బి లకి 4-3-2-1 వేళ్లు పెట్టండి. ప్రతి మెట్టూ విడిగా వినబడుతుంది. బి నుంచి బి ఫ్లాట్‌కి మాత్రం ఒకటో వేలు వెనక్కి జరగాలి, ఆ ఒక్క జరుపుని చప్పుడు లేకుండా చేయండి.

కోరస్ బదులు చెప్పేచోట రాగం పియానో కుడిచేతికి వెళ్తుంది, వయొలిన్ పిజికాటోలోకి మారుతుంది. కమాను నుంచి పిజికాటోకి, మళ్లీ కమానుకి మారడానికి కనీసం ఒక బీట్ విరామం రాయండి. రెండో చరణంలో డి మైనర్ భాగాన్ని ఒక స్థాయి పైకి ఎత్తి, డి మేజర్ రాగానే మామూలు స్థాయికి దింపండి. చివరిదాకా పైనే ఉంచితే కార్మెన్ పొగరు పోయి పిచ్చుక కిచకిచలా మిగులుతుంది. ఒక స్థాయి కిందికి దింపుదామా అంటే కుదరదు, డి3 వయొలిన్‌లో లేదు.

## 8. పేజీల మీదికి ఎక్కించడం

- పియానో పేజీల్లో పైన వయొలిన్ లైను చిన్న సైజులో ఉండాలి. అది లేకపోతే ఊపిరి కామాలు పియానో వాయించేవాళ్లకి కనబడవు.
- ఊపిరి కామాలు రెండు భాగాల్లోనూ ఉండాలి.
- ప్రతి లైను మొదట్లో బార్ నంబరు, ప్రతి కొత్త భాగానికి ఒక పెట్టె అక్షరం.
- వయొలిన్ పేజీ తిప్పాల్సిన చోట విరామం ఉండాలి. లేకపోతే మూడు పేజీలు పక్కపక్కన అతికించండి.
- వేళ్ల గుర్తులు కష్టమైన చోట్లే. అన్నిచోట్లా రాస్తే అసలువి కనబడవు.

## 9. రిహార్సల్‌లో ఏం చెడుతుంది, ఎందుకు

మొదటి రోజు వయొలిన్ లేకుండా పియానో వాయిస్తూ, వయొలిన్ వాయించేవాళ్లు రాగాన్ని నోటితో పాడాలి. గొంతు ఎలా ఉందన్నది కాదు, ఊపిరి ఎక్కడ ఆగుతోందన్నది చూడాలి. పెన్సిల్ కామాలు సగం అక్కడే మారిపోతాయి.

పాట ఈడుస్తున్నట్టుంది. గాయని వేగాన్నే తీసుకోవడం కారణం. మాటలు లేనప్పుడు అదే వేగం నెమ్మదిగా వినబడుతుంది. మెట్రొనోమ్‌లో నాలుగైదు అంకెలు పెంచి చూడండి.

శిఖరం దగ్గర ఇద్దరూ కలవడం లేదు. గాయకులు పై స్వరం మీద ఆగుతారు, పియానో దానికి కాచుకోవాలి. ఎంతసేపు అన్నది ఊహకి వదలకండి. ఆ స్వరాన్ని కమాను చివరిదాకా లాగి, దిశ మార్చగానే పియానో దిగాలి అని ఒప్పందం పెట్టుకోండి. కంటికి కనబడే గుర్తు అదొక్కటే.

శ్రుతి అంతా బాగానే ఉంది, జి తీగ మాత్రం తక్కువ పలుకుతోంది. వయొలిన్‌ని ఎ నుంచి శుద్ధమైన ఐదో స్వరాలతో శ్రుతి చేస్తే డి రెండు సెంట్లు, జి నాలుగు సెంట్లు పియానో కంటే తగ్గుతాయి (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు). ఎ ఒక్కటే తీసుకుని ఊరుకోకుండా జి, డి కూడా పియానోతో సరిచూడండి.

హాల్లోకి వెళ్లగానే బిరడాలు జారుతున్నాయి. చెన్నై ఉక్కలోంచి ఏసీలోకి వెళ్తే కొయ్యలోని తేమ తగ్గి బిరడా వదులవుతుంది. అరగంట ముందే వెళ్లి, పెట్టె తెరిచి ఉంచి, బిరడాని లోపలికి నొక్కుతూ తిప్పండి. డిసెంబరు కచేరీల సీజన్‌లో హాలు ముందుగా చేతికి రాదు. కనీసం గ్రీన్‌రూమ్ ఏసీలోనైనా పెట్టె తెరవండి.

వయొలిన్ వినబడడం లేదు. ముందు పియానో మూతని చిన్న కర్ర మీదికి దించండి. డిజిటల్ పియానో అయితే స్పీకర్ వయొలిన్ వాయించేవాళ్ల వెనక కాక పక్కన, జనం వైపు తిప్పి పెట్టండి. అప్పటికీ వినబడకపోతే ఆరో భాగానికి తిరిగి వెళ్లి, ఆ బార్లలో కుడిచేతి స్వరాలు సగం కొట్టేయండి.

స్టేజీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో రికార్డ్ చేసి, ఈ పాట తెలియనివాళ్లకి వినిపించండి. వాక్యం ఎక్కడ ముగిసిందనిపిస్తే అక్కడ చేయెత్తమనండి. మీ కామాలకీ వాళ్ల చేతులకీ పొత్తు కుదరని బార్లు రాసుకుని, ఆ బార్లలో కమాను మార్చండి.